ఇంజిన్ కూలెంట్ మార్చడం, లోపల కడగడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజిన్ వేడిని లాగి రేడియేటర్‌కి మోసుకెళ్లే ద్రవమే కూలెంట్. పాత కూలెంట్ వదిలేయాలి, లోపల నీళ్లతో కడగాలి, కొత్తది పోయాలి. చెప్పుకోవడానికి మూడు ముక్కల పని. ఒక పూట తీరిక, మామూలు పనిముట్లు ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. అయితే ఈ పని ఎక్కువగా చెడేది రెండు చోట్ల: కడిగిన నీళ్లు లోపలే ఉండిపోవడం, గాలి లోపలే ఉండిపోవడం. అందుకే కింది జవాబుల్లో ఆ రెంటి దగ్గర ఎక్కువసేపు ఆగాను. మీ బండి మాన్యువల్‌కీ ఇక్కడ రాసినదానికీ తేడా వస్తే మాన్యువల్ మాటే వినండి.

డబ్బాలో కూలెంట్ రంగు బాగానే ఉంది. అయినా మార్చాలా?

రంగును నమ్మకండి. అది కంపెనీ కలిపిన రంగు, అంతే. కూలెంట్‌లో అసలు సరుకు ఎథిలీన్ గ్లైకాల్. దానికి తోడు లోహాన్ని తుప్పు నుంచి కాపాడే రసాయనాలు కొద్ది పాళ్లలో ఉంటాయి. గ్లైకాల్ ఏళ్ల తరబడి ఉంటుంది, ముందు అయిపోయేవి ఈ రసాయనాలే. వేడికి, లోపల చేరిన గాలికి గ్లైకాల్ కొద్దికొద్దిగా ఆమ్లాలుగా మారుతుంటుంది. ఆ ఆమ్లాలను ఇవి ఎప్పటికప్పుడు విరిచేస్తుంటాయి. ఇవి ఖర్చయిపోయిన దగ్గర నుంచి అల్యూమినియం హెడ్డు (ఇంజిన్ పైభాగం), రేడియేటర్ గొట్టాలు, వాటర్ పంపు రెక్కలు లోలోపల తినుకుపోతుంటాయి. డబ్బాలో రంగు మాత్రం నిన్నటిలాగే కనిపిస్తుంది.

పాతరకం పచ్చ కూలెంట్లకు సాధారణంగా 2 ఏళ్లు లేదా 40,000 నుంచి 50,000 కిలోమీటర్లు గడువు. లాంగ్ లైఫ్ రకాలు 5 ఏళ్లు, కొన్ని అంతకన్నా ఎక్కువ వస్తాయి. మధ్యలో నీళ్లు కలుపుతూ వచ్చిన బండికి ఈ లెక్కలు వర్తించవు.

అనుమానం ఉంటే మల్టీమీటర్‌తో ఒక పరీక్ష చేయవచ్చు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి, నల్ల వైరు బ్యాటరీ నెగటివ్‌కి పెట్టి, ఎర్ర వైరు కొనను ఏ లోహానికీ తగలకుండా కూలెంట్‌లో ముంచండి. 0.3 వోల్టులు దాటి చూపిస్తే మార్చే సమయం వచ్చిందని వర్క్‌షాపుల్లో కొండగుర్తు. లోపల రెండు మూడు రకాల లోహాలు ఉంటాయి కాబట్టి, పాడైన కూలెంట్ నీరసమైన బ్యాటరీలా పనిచేస్తుంది. అక్కడ కనిపించే వోల్టేజీ అదే. తుప్పు రంగు, అడుగున మడ్డి, మూత లోపలివైపు జిగురు కనిపిస్తే మీటరుతో పనే లేదు.

గడ్డకట్టే చలి లేని చోట ఉత్త నీళ్లు సరిపోవా?

ఎక్కువమంది అడిగేది ఇదే, అడగడంలో న్యాయం కూడా ఉంది. వేడిని మోసుకుపోవడంలో ఉత్త నీళ్లే కూలెంట్ మిశ్రమం కన్నా మెరుగు. ఆ సంగతి దాచాల్సిన పని లేదు. కానీ నీళ్లకు ఇనుమును తుప్పు పట్టించే గుణమూ ఉంది, 100 డిగ్రీలకే మరిగే గుణమూ ఉంది. సగం సగం కలిపిన కూలెంట్ మూత లేకుండానే దాదాపు 107 డిగ్రీల దాకా మరగదు. రేడియేటర్ మూత లోపల ఒక బార్ ఒత్తిడి నిలబెడితే అది 125 డిగ్రీలు దాటుతుంది. ఇంజిన్ హెడ్డులో మంట గదిని ఆనుకున్న గోడల దగ్గర ఈ తేడా చాలా విలువైనది. అక్కడ నీళ్లు మరిగి ఆవిరి పొర కట్టిందంటే వేడి లాగడం ఆగిపోతుంది.

దానికి తోడు వాటర్ పంపు సీలుకు కూలెంట్ ఇచ్చే జారుడు ఉత్త నీళ్లు ఇవ్వవు. చలి లేని చోట కూడా కూలెంట్ పోయడానికి తుప్పు ఒక్కటే చాలినంత కారణం. దారిలో కూలెంట్ కారిపోయి ఇల్లు చేరడానికి నీళ్లు పోశారా, తప్పులేదు. వాటితోనే నెలలు గడపకండి.

కూలెంట్ పాళ్లు పెంచితే ఇంకా మంచిదా?

మంచిది కాదు. 50:50 మిశ్రమం సున్నాకు 37 డిగ్రీలు దిగువ దాకా గడ్డకట్టదు. అదే నీళ్లు కలపని గ్లైకాల్ సున్నాకు దాదాపు 13 డిగ్రీలు దిగువకే గడ్డకడుతుంది. పైగా చిక్కగా ఉండి వేడిని తక్కువగా లాగుతుంది. 40 నుంచి 60 శాతం మధ్య ఉండనివ్వండి.

పచ్చ, ఎరుపు, నీలం, గులాబీ. రంగు చూసి కొనవచ్చా?

కొనకూడదు. రంగులకు ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి ఏదీ లేదు. ఒక కంపెనీ ఎరుపులో ఉన్న తుప్పును అడ్డుకునే మందులు ఇంకో కంపెనీ ఎరుపులో ఉండవు. చూడాల్సింది సీసా మీద రాసిన స్పెసిఫికేషన్: పాతరకం సిలికేట్ల కూలెంటా, సేంద్రియ ఆమ్లాలతో చేసిన ఓఏటీ రకమా, రెండూ కలిసిన హెచ్‌ఓఏటీ రకమా అన్నది. మాన్యువల్‌లో ఉన్న స్పెసిఫికేషన్ నంబరు సీసా మీద కూడా ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. రకాలు కలిసిపోతే బండి వెంటనే ఆగిపోదు కానీ, కాపాడే గుణం తగ్గి గడువు కుదించుకుపోతుంది. కొన్ని జతలు కలిస్తే జిగురులాంటి ముద్ద కూడా కడుతుంది. రకం మారుస్తున్నా, లోపల ఏది ఉందో తెలియకపోయినా, పూర్తిగా కడిగి మొదలుపెట్టడమే దారి.

ఏ నీళ్లు వాడాలి?

కూలెంట్‌తో కలపడానికి డిస్టిల్డ్ వాటర్, లేదంటే డీమినరలైజ్డ్ వాటర్. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా గార కట్టడం చూసే ఉంటారు. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు ఇంజిన్ లోపలా అదే పని చేస్తాయి. గార పలుచగా ఉన్నా వేడిని అడ్డుకుంటుంది, రేడియేటర్ సన్న గొట్టాలను మూసేస్తుంది. మొదటి కడుగుళ్లకు కుళాయి నీళ్లు పరవాలేదు, ఆఖరి కడుగు మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తోనే చేయండి.

ఇంజిన్ ఎంతసేపు చల్లారాలి?

పై హోస్‌ని, అంటే రేడియేటర్ పైభాగానికీ ఇంజిన్‌కీ మధ్య ఉన్న రబ్బరు గొట్టాన్ని, చేత్తో గట్టిగా పట్టుకుని ఉంచగలగాలి, నొక్కితే మెత్తగా ఉండాలి. ముందు రోజు రాత్రి ఆపిన బండి మీద పొద్దున్నే పని మొదలుపెడితే అన్నిటికన్నా మంచిది. వేడి ఇంజిన్ మీద మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది. దాంతో 100 డిగ్రీలు దాటిన ద్రవం ఆ క్షణంలోనే మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ఇలాంటి కాలిన గాయాలు చిన్నవి కావు. దయచేసి తొందరపడకండి. వేడి ఇంజిన్‌లో చన్నీళ్లు పోయడం కూడా అంతే ప్రమాదం, హెడ్డు బీటలు వారుతుంది.

ఇంకొకటి. కొన్ని బండ్లలో తాళం తీసేసినా రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది. చేతులు అటు పోయే పని ఉంటే బ్యాటరీ నెగటివ్ తీసిపెట్టుకోండి.

పాత కూలెంట్ ఎలా వదలాలి?

బండిని సమతలంగా నిలిపి, హీటర్ పిడిని పూర్తిగా వేడి వైపు తిప్పండి. చాలా బండ్లలో హీటర్ వాల్వు తెరుచుకుని అందులోని పాతది కూడా కదులుతుంది. కింద వెడల్పాటి పళ్లెం పెట్టి, రేడియేటర్ అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్‌ని మెల్లగా వదులు చేయండి. ఇది తరచుగా ప్లాస్టిక్‌ది, పాతబడితే పెళుసుగా ఉంటుంది. పానా పెట్టి బలం చూపిస్తే విరిగిపోతుంది. ప్లగ్ లేని రేడియేటర్లలో కింది హోస్ క్లిప్పు తీసి హోస్ లాగాలి. అతుక్కుపోయిన హోస్‌ని గుంజకండి, రేడియేటర్ మూతి పగులుతుంది. ముందు కొంచెం అటూ ఇటూ తిప్పి, పట్టు వదిలించి లాగండి.

రేడియేటర్ ఖాళీ అయితే అంతా ఖాళీ అయినట్టు కాదు. ఇంజిన్ బ్లాకులో, హీటర్‌లో చాలా మిగులుతుంది. బ్లాకుకు వేరే డ్రెయిన్ బోల్టు ఉండి చేతికి అందితే అదీ తీయండి. రిజర్వ్ డబ్బాను మర్చిపోకండి, మడ్డి ఎక్కువగా పేరుకునేది దాని అడుగునే.

బయటికి వచ్చినదాన్ని కొలత గీతలున్న బకెట్‌లో పోసి ఎన్ని లీటర్లో రాసుకోండి. ఆ అంకెతో ముందు ముందు చాలా పని ఉంది.

ఎన్నిసార్లు కడగాలి?

వచ్చే నీళ్లు తేటపడే దాకా. ప్లగ్ మూసి, నీళ్లు నింపి, మూత పెట్టి, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక రేడియేటర్‌కి దారి తెరిచే వాల్వు) తెరుచుకునే దాకా ఇంజిన్ నడపాలి. అది సాధారణంగా 82 నుంచి 95 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. పై హోస్ ఉన్నట్టుండి వేడెక్కితే తెరుచుకుందని గుర్తు. అప్పుడే నీళ్లు మొత్తం చుట్టూ తిరుగుతాయి. ఆపి, మళ్లీ పూర్తిగా చల్లారనిచ్చి, వదిలేయాలి. మామూలుగా చూసుకున్న బండికి రెండు మూడు విడతలు చాలు. ప్రతిసారీ చల్లారే దాకా ఆగాలి కాబట్టి రోజంతా పట్టవచ్చు. థర్మోస్టాట్‌ని ఎలాగూ మారుస్తుంటే దాన్ని తీసేసి, దాని గూడు మూత మళ్లీ బిగించి కడిగితే వేడి చేసి ఆగే పని తగ్గుతుంది.

రేడియేటర్‌కి పైపు పెట్టి కింది నుంచి పైకి నీళ్లు పంపడం, అంటే వెనక్కి కడగడం, పనికొచ్చే పద్ధతే. ధార మెల్లగా ఉండాలి. ప్రెషర్ వాషర్ వద్దు.

వెనిగర్, నిమ్మ ఉప్పు వేసి కడగమంటారు. మంచిదేనా?

ఆమ్లం గారను కరిగిస్తుంది, నిజమే. అల్యూమినియాన్ని కూడా తింటుంది. ఇవాళ్టి ఇంజిన్లలో హెడ్డు, రేడియేటర్ ఎక్కువగా అల్యూమినియమే కాబట్టి నేను వాడను, వాడమని చెప్పను. కాస్త మిగిలిపోయినా కొత్త కూలెంట్‌లోని మందులను మొదటి రోజే తినేస్తుంది. మడ్డి, తుప్పు బాగా ఉంటే అన్ని లోహాలకూ పనికొచ్చే రెడీమేడ్ ఫ్లష్ (లోపల కడిగే ద్రావణం) కొని, సీసా మీద రాసిన సమయం దాటకుండా వాడి, తర్వాత కనీసం రెండుసార్లు నీళ్లతో కడగండి. పలుచటి మురికే ఉంటే ఉత్త నీళ్లు చాలు.

కడిగిన నీళ్లు లోపల మిగులుతాయి కదా. కొత్త కూలెంట్ ఎంత పోయాలి?

పనంతటిలో ముఖ్యమైన ప్రశ్న ఇదే, అందరూ దాటేసేదీ ఇదే.

ఒక లెక్క చూద్దాం. మీ బండి మొత్తం 8 లీటర్లు పడుతుందని మాన్యువల్‌లో ఉంది. ఆఖరి కడుగు తర్వాత వదిలితే 5 లీటర్లే వచ్చాయి. అంటే 3 లీటర్ల ఉత్త నీళ్లు బ్లాకులో, హీటర్‌లో దాక్కుని ఉన్నాయి. ఇప్పుడు మీరు నీళ్లు ముందే కలిపి అమ్మే రెడీమిక్స్ 5 లీటర్లు పోశారనుకోండి. అందులో గ్లైకాల్ రెండున్నర లీటర్లు. ఎనిమిదిలో రెండున్నర అంటే 31 శాతం. సీసా మీద 50:50 అని ఉంటుంది, ఇంజిన్‌లో ఉన్నది 31. తుప్పు మందుల పాళ్లు కూడా అంతే పడిపోయాయి.

మొదటిసారి ఈ పని చేసినప్పుడు నాకు సరిగ్గా ఇదే జరిగింది. రెడీమిక్స్ పోసి, పని ఎంతో శుభ్రంగా అయిందని తృప్తిపడ్డాను. నెల తర్వాత ఒక మిత్రుడి రిఫ్రాక్టోమీటర్‌లో (కూలెంట్ పాళ్లు కొలిచే పరికరం) చుక్క వేసి చూస్తే 30 శాతం దగ్గర చూపించింది. అప్పటి నుంచి కాగితం మీద లెక్క వేయకుండా సీసా మూత తీయడం లేదు.

సరైన పద్ధతి: నీళ్లు కలపని చిక్కటి కూలెంట్ కొనండి. మొత్తం పట్టేదానిలో సగం, అంటే మన లెక్కలో 4 లీటర్లు, ముందుగా అదే పోయండి. తర్వాత మిగిలిన ఖాళీని, సుమారు ఒక లీటరు, డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. లోపల ఉన్న 3 లీటర్లు, మీరు పోసిన 1 లీటరు కలిసి నీళ్ల వాటా 4 అవుతుంది.

సగం కన్నా ఎక్కువ నీళ్లు లోపలే ఉండిపోతే? ఎనిమిదికి మూడున్నరే బయటికి వచ్చిందనుకుంటే, అంతా చిక్కటి కూలెంటే పోసినా 44 శాతం దాటదు. చాలాచోట్ల 44 సరిపోతుంది. తీవ్రమైన చలి ఉన్నచోట బ్లాకు డ్రెయిన్ బోల్టు తీయక తప్పదు.

కొన్ని రకాలు రెడీమిక్స్‌గానే దొరుకుతాయి. అలాంటప్పుడు పోసి, నడిపి, వదిలి, మళ్లీ పోయాలి. పై లెక్కలోనే రెండో విడతకు 43 శాతం, మూడో విడతకు 47 శాతం చేరుతుంది. కూలెంట్ చాలా వృథా అవుతుంది, అందుకే మొదటి పద్ధతే మేలంటాను. ఏ దారిన వెళ్లినా, ఒక రోజు బండి తిరిగాక రిఫ్రాక్టోమీటర్‌తో కొలిచి చూడండి.

ఎయిర్ లాక్ లేకుండా నింపడం ఎలా?

ఓపిక ఇక్కడ కావాలి. గాలి బుడగ ఎక్కడ నిలిస్తే అక్కడ లోహం నుంచి వేడి లాగేది ఏదీ ఉండదు. బుడగ పంపులో చేరితే పంపు తిరుగుతుంది కానీ కూలెంట్ కదలదు. వేడి కొలిచే సెన్సార్ దగ్గర చేరితే డ్యాష్‌బోర్డు మీద ముల్లు చూపించే అంకెను నమ్మలేం. ఇంజిన్ కాలిపోతున్నా ముల్లు మామూలుగానే ఉండవచ్చు.

సన్నటి ధారగా, మెల్లగా పోయండి. హడావిడిగా పోస్తే గాలిని మీరే లోపలికి తోసినట్టు. థర్మోస్టాట్ గూడు దగ్గరో పై హోస్ మీదో బ్లీడ్ స్క్రూ (గాలి వదిలే మర) ఉంటే దాన్ని వదులు చేసి ఉంచి, బుడగల్లేని ధార వచ్చాక బిగించండి. మధ్యమధ్యలో పై హోస్‌ని, కింది హోస్‌ని చేత్తో పిసుకుతుంటే గుడగుడమని గాలి పైకి వస్తుంది. వీలైతే బండి ముందు భాగాన్ని ఎత్తులో పెట్టండి. గాలి ఎప్పుడూ పైకే పోతుంది కాబట్టి పోసే మూతి అన్నిటికన్నా ఎత్తున ఉండాలి.

ఇక హీటర్ పూర్తి వేడిలో, దాని ఫ్యాన్ తక్కువలో పెట్టి, మూత లేకుండా ఇంజిన్ స్టార్ట్ చేసి ఐడిల్‌లో వదలండి. వేడెక్కేకొద్దీ బుడగలు వస్తాయి. థర్మోస్టాట్ తెరుచుకున్న క్షణం మట్టం చటుక్కున దిగుతుంది, అప్పుడు పోయండి. ముఖం దూరంగా పెట్టుకోండి, చేతులకు గ్లోవ్స్, కళ్లకు అద్దాలు ఉండాలి, ఒక్కోసారి పొంగి వస్తుంది. రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగే దాకా ఉండి, బుడగలు ఆగాక ఇంజిన్ ఆపండి. చల్లారాక మట్టం సరిచేసి మూత పెట్టండి. ప్రెషర్ ఎక్స్‌పాన్షన్ ట్యాంకు (ఒత్తిడి నిలిచే డబ్బా) ఉన్న కొన్ని బండ్లలో మూత పెట్టే నడపాలి, మరికొన్నింటిలో పంపును కంప్యూటర్‌తో తిప్పించాలి. మాన్యువల్ చూడకుండా ఈ అడుగు వేయకండి.

కొత్త థర్మోస్టాట్ బిగిస్తుంటే దాని అంచులో చిన్న కన్నం, అందులో ఆడే పిన్ను ఉంటాయేమో చూడండి. అది గాలి పోయే దారి. ఆ కన్నం పైవైపు ఉండేలా బిగించాలి.

మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్ మీద మట్టం చూడండి. కొంచెం దిగి ఉంటుంది, నింపండి. నాలుగైదు రోజులు ఇలా చూడాలి.

మార్చాక ముల్లు పైకి ఎక్కుతోంది, హీటర్ చల్లగాలి ఇస్తోంది. ఏమైంది?

ఈ రెండూ కలిసి వస్తే దాదాపు ఖాయంగా గాలి. డ్యాష్‌బోర్డు వెనక నీళ్లు పారే చప్పుడు దానికి సాక్ష్యం. బండి ఆపి, చల్లారనిచ్చి, మళ్లీ గాలి తీయండి. ముల్లు ఎర్రగీత దాటుతుంటే ఒక్క కిలోమీటరు కూడా నడపవద్దు. అల్యూమినియం హెడ్డు వంకరపోవడానికి ఎక్కువ దూరం అక్కర్లేదు.

ఎన్నిసార్లు తీసినా గాలి తిరిగి వస్తోందా? మట్టం రోజూ తగ్గుతోందా? అప్పుడు అది నింపడంలో జరిగిన తప్పు కాకపోవచ్చు. హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ పోయి, మండిన వాయువు కూలెంట్‌లోకి వస్తుండవచ్చు. వర్క్‌షాపులో రంగు మారే ద్రావణంతో పరీక్ష చేసి తేల్చేస్తారు.

పాత కూలెంట్‌లో నూనె జిడ్డు కనిపించింది.

కడగడం ఆపండి. గోధుమ రంగు మీగడలా ఉంటే ఇంజిన్ ఆయిల్ కలుస్తోంది: హెడ్ గాస్కెట్ గానీ, ఆయిల్ కూలర్ గానీ. గులాబీ రంగు నురగలా ఉంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె, రేడియేటర్ లోపలి కూలర్ చిల్లుపడింది. మూలం బాగుచేయకుండా కొత్త కూలెంట్ పోస్తే డబ్బు దండగ.

హోస్‌లు, మూత, థర్మోస్టాట్ కూడా మార్చాలా?

హోస్ నొక్కితే కరకరమన్నా, ఉబ్బినా, క్లిప్పు దగ్గర పగుళ్లున్నా మార్చండి. మూత చిన్నదే కానీ దాని పని పెద్దది. ఒత్తిడి నిలబెట్టే వాల్వు ఒకటి, చల్లారేటప్పుడు డబ్బాలోంచి కూలెంట్‌ను వెనక్కి పీల్చుకోనిచ్చే వాల్వు ఒకటి అందులో ఉంటాయి. రబ్బరు గట్టిపడితే మార్చేయండి, అదే ఒత్తిడి అంకె ఉన్నది కొనండి. పదేళ్ల థర్మోస్టాట్‌ని ఇప్పుడే మార్చుకుంటే మళ్లీ ఈ పనంతా చేసే అవసరం రాదు.

లీకులు ఆపే పొడి వేయవచ్చా?

ఇల్లు చేరడానికి తప్ప వద్దు. అది లీకును మూసినట్టే హీటర్ సన్న గొట్టాలనూ మూస్తుంది.

బైకుకు, లారీకి ఇదే పద్ధతా?

లిక్విడ్ కూల్డ్ బైకుకు పద్ధతి ఇదే, పట్టేది లీటరూ లీటరున్నర. నింపాక బండిని రెండు వైపులా వంచి లేపితే గాలి సులువుగా వస్తుంది.

లారీలు, ట్రాక్టర్ల పెద్ద డీజిల్ ఇంజిన్ల సంగతి వేరు. వాటిలో చాలావాటికి సిలిండర్ లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం) బయటివైపు నేరుగా కూలెంట్ తగులుతుంది. లైనర్ అదిరినప్పుడల్లా దాని మీద సన్న బుడగలు పుట్టి పగులుతుంటాయి. ఆ దెబ్బలకు లైనర్‌లో సూది మొన అంత గుంటలు పడి, చివరికి కూలెంట్ సిలిండర్‌లోకి వెళ్లిపోతుంది. దీన్ని అడ్డుకునే మందులున్న హెవీ డ్యూటీ కూలెంటే వీటికి పోయాలి. కారు కూలెంట్ పోయకూడదు.

పాత కూలెంట్ ఎక్కడ పారబోయాలి?

మురుగు కాలువలో వద్దు, చెట్ల మొదళ్లలో వద్దు, సెప్టిక్ ట్యాంకులో వద్దు. ఎథిలీన్ గ్లైకాల్ విషం. దురదృష్టం ఏమిటంటే అది తియ్యగా ఉంటుంది. కుక్కలు, పిల్లులు నాకేస్తాయి, కొద్దిపాటికే చనిపోతాయి. మనుషుల్లోనూ శరీరం దాన్ని ఆమ్లాలుగా మార్చుకుంటుంది, మూత్రపిండాల్లో స్ఫటికాలు పేరుకుంటాయి. పెద్దవాళ్లకు కూడా 100 మిల్లీలీటర్ల దాకా లోపలికి వెళితే ప్రాణం మీదికి వస్తుంది. ఎవరైనా మింగారని తెలిస్తే లక్షణాల కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, సీసా కూడా తీసుకెళ్లండి. దీనికి విరుగుడు మందు ఉంది, త్వరగా ఇస్తేనే పనిచేస్తుంది.

పాతదాన్ని గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి, మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి, వాడిన కూలెంట్ తీసుకునే వర్క్‌షాపుకో సేకరణ కేంద్రానికో ఇవ్వండి. పాత ఇంజిన్ ఆయిల్‌తో కలపకండి, కలిపితే రెండూ పనికిరావు. తాగునీళ్ల సీసాలో మాత్రం ఎన్నడూ పోయవద్దు. నేల మీద ఒలికినదాని మీద ఇసుకో రంపపు పొట్టో చల్లి ఎత్తేసి, తర్వాత నీళ్లతో తుడవండి. పని మధ్యలో ఇంట్లోకి వెళ్లాల్సి వస్తే, బండి కింది పళ్లెం మీద మూత పెట్టి వెళ్లండి.